తలుపు మూశాక వినిపించిన ఎనిమిదో భాగం

ఏడు భాగాలుగా రాసి, ఏడుతో ముగించిన సంగీతానికి ఎనిమిదో భాగం అతికించారు. అది తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను.

దయ్యాలనీ భూతాలనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. రిటైరయ్యేదాకా పెద్ద భవనాలకు ఏసీ డక్టులు, అంటే గాలి గొట్టాలు, వేయించడమే నా ఉద్యోగం. ఒక గదిలో పుట్టిన శబ్దం ఎక్కడెక్కడ తేలుతుందో నాకు బాగానే తెలుసు. అయినా ఆ ఆదివారం, పట్టపగలు, నేను విన్నదానికి నా దగ్గర సమాధానం లేదు.

ముందు ఆ సంగీతం సంగతి చెప్పాలి. వందేళ్ల కిందట ఒక ఇంగ్లీషాయన, భూమిని వదిలేసి, గ్రహానికొక భాగం చొప్పున ఆర్కెస్ట్రా కోసం రాశాడు. చివరి భాగంలో ఆడవాళ్ల కోరస్ ఉంటుంది. వాళ్లు స్టేజీ మీద కనబడరు. పక్క గదిలో నిలబడి, మాటలు లేకుండా ఉత్త స్వరం పాడతారు. చివర్లో ఆ గది తలుపును ఒకరు మెల్లగా, చాలా మెల్లగా మూస్తారు. పాట ఏ క్షణాన ఆగిందో హాల్లో ఎవరూ చెప్పలేరు. అంతటితో అయిపోవాలి.

అమెరికా వచ్చిన కొత్తలో పబ్లిక్ లైబ్రరీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి విన్నాను. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. పుస్తకాలు తెచ్చుకుని, రికార్డు తిప్పి తిప్పి వింటూ, పాశ్చాత్య సంగీతపు నొటేషన్ చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆ చివరి నిశ్శబ్దం కోసమే మిగతాదంతా వినేవాణ్ణి.

తర్వాత ఈ అతికించేవాళ్లు తయారయ్యారు. ఆయన రాశాక కనుక్కున్న గ్రహం ఒకటి మిగిలిపోయిందట, దానికొక భాగం కావాలట. ఆ తర్వాత శాస్త్రజ్ఞులు ఆ గ్రహాన్నే గ్రహాల్లోంచి తీసేశారు. మరి ఆ భాగాన్ని తీశారా? లేదు. పైగా ఒకరిని చూసి ఇంకొకరు రాశారు.

మా ఊరు క్యారీలో డబ్బు తీసుకోకుండా వాయించే ఒక ఆర్కెస్ట్రా ఉంది. వాళ్లూ ఎనిమిదో భాగం వేస్తామన్నారు. ఒహాయోలో ఎవరో ప్రొఫెసరమ్మ రాసిందట. ఆవిడ అడ్రసు సంపాదించి, కచేరీకి చాలా ముందే చెడామడా ఉత్తరం రాసి పడేశాను. జవాబు రాలేదు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ కోరస్‌లో మా ఆవిడ సరోజ కూడా ఉంది. ఉద్యోగం మానేశాక చేరింది. పైగా ఆ ఎనిమిదో భాగంలో నాలుగు వరుసలు తను ఒక్కతే పాడాలి.

ఏడో భాగం కాగానే లేచి బయటికి వచ్చేస్తానని చెప్పాను. ఆ భాగం మా ఇంట్లో వినబడకూడదనీ చెప్పాను. పాపం, మాల్ పార్కింగ్‌లో కారు అద్దాలెత్తుకుని ప్రాక్టీస్ చేసుకునేది.

"మన గుళ్లో గ్రహాలు తొమ్మిదండీ. వాళ్లిప్పటికి ఎనిమిదికి వచ్చారు. మీకేమిటి బాధ?" అనేది మొదట్లో, నవ్వుతూ.

కచేరీ రోజు పొద్దున మాత్రం నవ్వలేదు. "వెళ్తే వెళ్లండి. కానీ ఇన్నేళ్లకి నేనొక్కదాన్నే నిలబడి పాడుతున్నాను. మీరు వినలేదన్నది మాత్రం నేను మర్చిపోను" అంది.

నేను మాట మీద నిలబడే మనిషిని. ఏడో భాగం చివర తలుపు మూసుకుంది, పాట కరిగిపోయింది, హాలంతా ఊపిరి బిగబట్టింది. లేచాను. అందరూ తలలు తిప్పి చూస్తుండగా పక్క తలుపులోంచి కారిడార్‌లోకి వచ్చేశాను.

బయటికి వెళ్లాలంటే కోరస్ గది ముందునుంచే నడవాలి. కారిడార్ వైపు తలుపు మూసే ఉంది. లోపల పాడుతున్నారు!

ముందు నాకు ఒళ్లు మండింది. ఆగాల్సిన పాట ఆగలేదు, హాల్లోవాళ్లకి వినబడితే అంతా పాడైపోతుంది. తలుపుకి చెవి ఆనించాను. ఏడో భాగం నాకు కంఠతా వచ్చు. ఇది అది కాదు. గొంతులన్నీ తగ్గి, ఒకే గొంతు పైకి లేచింది. సరోజది. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్న గొంతు, పొరపడే సమస్యే లేదు.

తలుపు తీశాను.

గదిలో ఎవరూ లేరు. మడత కుర్చీలు, నీళ్ల సీసాలు, ఒక కుర్చీ మీద సరోజ స్వెటర్. తలుపు తీస్తే శబ్దం పెరగాలి కదా? పెరగలేదు. ఇంకా ఏదో తలుపు అవతలనుంచి వస్తున్నట్టే ఉంది.

ఆ గదికి స్టేజీ వైపు ఇంకో తలుపుంది. అది తెరిచి ఉంది. ఎనిమిదో భాగం కోసం ఆడవాళ్లు స్టేజీ మీదికి వెళ్లి అప్పుడే వరుసలో నిలబడుతున్నారు. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ఇంకా చేయి ఎత్తలేదు. సరోజ నాకు పక్కనుంచి కనబడుతోంది. పెదాలు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె గొంతు మాత్రం నా చుట్టూ వినబడుతోంది.

కండక్టర్ చేయి లేచింది. గదిలో పాట ఆగిపోయింది.

నేను బయటికి వెళ్లలేదు. ఆ స్వెటర్ పట్టుకుని అక్కడే నిలబడి ఎనిమిదో భాగం మొత్తం విన్నాను. సరోజ వంతు వచ్చింది. అవే నాలుగు వరుసలు. ఒక్క స్వరం తేడా లేదు.

ఇంటికి వెళ్తూ కారులో సరోజకి జరిగిందంతా చెప్పాను. "నేను పాడకముందే విన్నారన్నమాట. ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"ఆ భాగమా, నేనా?"

"నువ్వు" అన్నాను.

మర్నాడే ఆ హాలుకి వెళ్లాను. ఆ గదిలో స్పీకర్ లేదని అక్కడి ఉద్యోగి చూపించాడు. డక్టు నేనే చూశాను, అది స్టేజీ వైపు పోదు. వంటింట్లో అమ్మ కూనిరాగం తీస్తే తెలియకుండా నా చెవిన పడి ఉంటుందన్నాడు మా అబ్బాయి. సరే, రాగం అలా తెలిసిందనుకుందాం. గొంతు ఎక్కడినుంచి వచ్చింది? నాకు తెలియదు. ఇవాళ్టికీ తెలియదు.

కచేరీ అయిన కొన్నాళ్లకు ప్రొఫెసరమ్మ జవాబు వచ్చింది. నేను విన్న సంగతి ఆవిడకు రాయలేదు. నా ఉత్తరంలో ఉన్నవి తిట్లే. ఆవిడ ఇంగ్లీషులో రాసింది ఇది:

"మీ కోపం న్యాయమైనదే. ఆ సంగీతానికి ఇంకేదీ చేర్చకూడదని నేనూ వాదించినదాన్నే. ఒకసారి కచేరీలో ఆ తలుపు మూసే పని నాకు అప్పగించారు. మూశాను. పాడినవాళ్లు వెళ్లిపోయారు. గదిలో పాట ఆగలేదు. అయ్యా, నేను చేర్చింది ఏమీ లేదు. విన్నది రాశాను. ఈసారి కచేరీకి వెళ్తే హాల్లో కూర్చోకండి. ఆ తలుపు దగ్గర నిలబడండి."