మేం అమ్మోరిని చేసిన బండ

ఆదిత్యపూర్‌లో మా వీధి అంతా హో తెగ ఆదివాసీల పొలంలో లేచింది. వాళ్ల భూమిని బయటివాళ్లు కొనకూడదని చట్టం ఉంది. పనులకు వలసొచ్చిన మా శ్రీకాకుళం వాళ్లకు ఆ చట్టం కూడా చుట్టమైంది, ఇళ్లు కట్టేసుకున్నాం.

వీధి చివర నేల మీద వెడల్పాటి బండ ఒకటి ఉండేది. కొత్తలో మా అమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టింది. "ఊరన్నాక అమ్మోరు ఉండాల కదేటి" అంది. మావాళ్లకు రాయి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

ఆ పొలం ఒకప్పుడు మాకు ఆకుకూరలు అమ్మే ముసలామెదే. ఒకరోజు ఆమె మా అమ్మను కూర్చోబెట్టి హిందీలో చెప్పింది. ఆ బండ కింద ఉన్నవి ఆమె భర్త అస్థికలు, అత్తమామల అస్థికలు. వాళ్లలో ఒక వంశం వాళ్లంతా ఒకే చోట పడుకోవాలి. ఈ నేల మాది అనడానికి ఆ బండే వాళ్ల పట్టా. చనిపోయాక తననూ అక్కడే పెట్టాలి, ఇంకేమీ వద్దంది.

"నానేటి సేసేసినాను!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది. మర్నాడే పసుపంతా కడిగేసింది. సాయంత్రానికి ఇంకెవరో రాసేశారు. తర్వాత రేకుల షెడ్డు, టైల్సు, కమిటీ, పూజారి. అమ్మ మాట వినేవాడే లేడు.

పోయిన వానాకాలంలో ముసలామె చనిపోయింది. కూతురు ఆమె అస్థికలు కుండలో పట్టుకొచ్చింది.

"గుడికాడ బొమికలేటి? మైలైపోద్ది!" అని కమిటీ వాళ్లు తలుపు మూశారు.

"ఇది ఆల్లదే కదర్రా! మనమే ఒచ్చి ఆల్ల మీద కూకున్నాం!" అని అమ్మ అరిచింది. నేనూ నోటికొచ్చినట్టు తిట్టాను. తలుపు తెరవలేదు. సిగ్గులేని జాతి మాది. కూతురు ఆ కుండను ఖర్కాయి నది ఒడ్డున, తనవాళ్లెవరూ లేని చోట పాతిపెట్టింది.

మొన్న ఆ కూతురే గుడికొచ్చి వరుసలో నిలబడింది. పూజారి అందరినీ అడిగినట్టే గోత్రం అడిగాడు.

"ఈ రాయి కింద ఉన్నవాళ్లదే" అంది హిందీలో.

ఆయనకు అర్థం కాలేదు. గోత్రం తెలియనివాళ్లకు చెప్పే కాశ్యప గోత్రమే చదివి, ఆమె చేతిలో తీర్థం పోశాడు.