గడ్డిమంట మీద బేస్ డ్రమ్ము

కోపమొచ్చి మనిషిని మొహం మీద కొట్టినవాళ్ళు మన జిల్లాలో బోలెడంత మంది ఉంటారు. ఏ కోపమూ లేకుండా, ఓ పెద్దమనిషిని ఆయన ఎదురుగానే, వందలమంది చూస్తుండగా, తాళం తప్పకుండా మొహం మీద వాయించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా బందరు హైస్కూల్లో బ్యాండంటే రెండు సైడు డ్రమ్ములు, ఆగస్టు పదిహేనుకి మాత్రమే నోరు తెరిచే ఒక బ్యూగులు. ఇలా ఉండగా మా డ్రిల్లు మాస్టారు జోజిగారు ఫోన్లో ఏదో విదేశపు స్కూలు వీడియో చూశారు. అందులో చిన్నదాని నుంచి పెద్దదాని దాకా నాలుగు బేస్ డ్రమ్ములు వరుసగా నడుస్తున్నాయట. ఒక్కో డ్రమ్ముకి ఒక్కో దెబ్బ. ఒకడు ‘ధిం’ అంటే వెనకవాడు ‘ధం’ అనాలి. నలుగురూ ఎవరి వంతు వాళ్ళు కొడితేనే ఒక మాట పూర్తవుతుంది. మాస్టారు పాత విద్యార్థులందరి ప్రాణాలూ తోడి అలాంటివే నాలుగు తెప్పించారు.

అన్నిటికన్నా పెద్దది నాకిచ్చారు. ప్రతిభ చూసి కాదు, పొట్ట చూసి. దాన్ని మెడకి తగిలించుకుంటే కొట్టే మొహాలు రెండూ కుడిఎడమలకొచ్చేవి, ముందు ఏముందో కనిపించేది కాదు. దాని వెనక నేనున్నానని లోకానికి తెలిసే గుర్తులు రెండు చెవులూ, రెండు బూట్లూ. అయినా నాకు ఆ డ్రమ్మంటే ప్రాణం. ఎందుకంటారా? మిగతా పిరియడ్లన్నిటిలోనూ నేను బెంచీ మీద నిలబడేవాణ్ణి. ఆ ఒక్క పిరియడులోనే ‘శభాష్‌రా’ అనిపించుకునేవాణ్ణి.

మా హెడ్మాస్టరుగారికి రెండంటే ఒళ్ళుమంట. ఒకటి బ్యాండు. రెండోది ఫ్లెక్సీలు. బ్యాండెందుకంటే ఆ చప్పుడుకి పక్క గదిలో తను చెప్పే లెక్కలు తప్పుతున్నాయని. ఫ్లెక్సీలెందుకంటే మా స్కూలు బోర్డు కనపడకుండా గేటు మీద ఎప్పుడూ ఛైర్మన్ గారి ఫ్లెక్సీ ఒకటి వేలాడుతూ ఉండేది. ఆయన దేనికి ఛైర్మనో ఎవరికీ తెలియదు. బందరు నుంచి గుడివాడ దాకా అందరూ ఛైర్మన్ గారనే అంటారు. ఆ ఫ్లెక్సీ తీయించమని హెడ్మాస్టరుగారు ఎన్నోసార్లు తిరిగారు. తిరిగినప్పుడల్లా ఇంకొంచెం పెద్దది కట్టారు.

గుడివాడలో బ్యాండు పోటీలని తెలియగానే ఆయన మమ్మల్ని పిలిచారు.

“ప్రైజు తెస్తే బ్యాండు ఉంటుంది. తేకపోతే డ్రమ్ములు స్టోరు రూముకి, మీరు లెక్కల క్లాసుకి. అర్థమైందా?”

“అర్థమైందండి,” అన్నాం. లెక్కల విషయంలో ఆయన చెప్పింది మాకు వెంటనే అర్థమవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక్కడ మా తాతయ్య గురించి చెప్పాలి. నాగాయలంకలో ఆయన డప్పంటే పేరు. క్రిస్మస్ ఊరేగింపు ఆయన డప్పు మోగితేగాని చర్చి గేటు దాటేది కాదు. వాయించే ముందు గడ్డి మంటేసి, డప్పుని అటూ ఇటూ తిప్పుతూ కాచేవాడు. చెమ్మ పట్టి చతికిలపడ్డ తోలు బిగిసి ఖణేల్మనేది. అది చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చర్మ వాద్యాల శాస్త్రమంతా నాకు పుట్టుకతోనే వచ్చేసిందని నా నమ్మకం.

పోటీ రోజు తెల్లారే మంచులో, పైన కప్పులేని బండిలో డ్రమ్ములేసుకుని గుడివాడ చేరాం. గ్రౌండులో దించి ఒక దెబ్బ వేసి చూశాను. ‘బొద్’ అంది, తడిసిన గోనెసంచిని కొట్టినట్టు.

నా తర్వాతి డ్రమ్ము సాయితేజది. వాడికి చూపించాను. “ఒరేయ్ సాయీ, ఇది పలకట్లేదురా.”

“మాస్టారొచ్చి బిగిస్తార్లే. బిగించే తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.”

“ఆయన పేర్లు రాయించడానికెళ్ళారు. వచ్చేసరికి మనల్ని పిలిచేస్తారు. కాస్తే పలుకుద్ది.”

“కాయడానికి ఇదేమన్నా పాలేంట్రా?”

“డప్పు సంగతి నాకు చెప్తున్నావా? మా రక్తంలోనే ఉందిరా!”

గ్రౌండు వెనక ఎవరో గడ్డి పోగేసి చలిమంట వేసుకుని వెళ్ళారు. ఇంకా మండుతోంది. దేవుడే పంపాడనుకున్నాను. డ్రమ్ముని పొట్ట మీద పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, అచ్చం తాతయ్యలాగే అటూ ఇటూ తిప్పాను. తాతయ్య డప్పుది తోలు. నా డ్రమ్ముకి బిగించింది తెల్లటి ప్లాస్టిక్కు. ఈ చిన్న తేడా ఆ క్షణాన నా శాస్త్రానికి తట్టలేదు.

ముందు అది ముడతలు పడింది. తర్వాత మెరిసింది. ఆ తర్వాత నోరు తెరిచింది. పిల్లి పిల్లలతో సహా కాపురం పెట్టుకునేంత చిల్లు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క నయం, వాత తన ఒంటికే పెట్టుకుంది. నేను బడి సొత్తుకి పెట్టాను.

“రక్తంలో ఉందన్నావుగా,” అన్నాడు సాయి ముక్కు మూసుకుని.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. స్టోరు రూములో బూజు పట్టిన డ్రమ్మూ, లెక్కల క్లాసులో బెంచీ ఎక్కిన నేనూ కళ్ళ ముందు కదిలాం.

“ఏడిచింది చాల్లేరా, ఆ చిల్లుకి ఏదోటి కప్పుదాం,” అన్నాడు సాయి. చుట్టూ చూశాడు. గ్రౌండు చుట్టూ ఉన్న ప్రతి కరెంటు స్తంభానికీ ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. గట్టిది, నున్నటిది, తాళ్ళతో సహా సిద్ధంగా ఉంది. ఒకటి దించాడు.

“బొమ్మ లోపలికి పెట్టరా,” అన్నాను.

సాయి తిప్పాడు. ఛైర్మన్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. మళ్ళీ తిప్పాడు. ఛైర్మన్ గారు చేతులు జోడించి నవ్వుతున్నారు. రోడ్డుకి రెండు వైపులా వెళ్ళేవాళ్ళకి కనపడాలని రెండు పక్కలా ముద్రించారు మరి!

“ఇంకెవరిదన్నా చూడరా.”

“ఊరంతా ఈయనేరా బాబూ!”

చివరికి డ్రమ్ము కుడివైపు చిల్లు మీద ఆయన్నే బిగించి కట్టేశాం. కొడితే ‘ధం’ అంది, అసలు దానికన్నా బాగా. ఇక మిగిలింది మొహం. సాయి దగ్గర కాన్వాసు బూట్లకి పూసుకునే తెల్ల పాలిష్ సీసా ఉంది. మీసం నుంచి మొదలుపెట్టి జోడించిన చేతుల దాకా బొమ్మంతా పూసేశాడు. ఆరాక చూస్తే కొత్త డ్రమ్ము. మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

అప్పుడు మైకులో వినిపించింది: “ఈరోజు తమ పుట్టినరోజు సందర్భంగా మన ఛైర్మన్ గారు ముఖ్య అతిథిగా విచ్చేసి ఉన్నారు!”

సాయి పాలిష్ సీసాని గడ్డిలోకి విసిరేశాడు. ఆ వెంటనే బందరు స్కూలు అని పిలిచారు.

నలుగురం ఒకరి వెనక ఒకరం. ముందు నేను, నా వెనక సాయి. వేదిక కుడివైపు. నా డ్రమ్ము కుడి చెంప, అంటే ఛైర్మన్ గారి చెంప, సరిగ్గా వేదిక వైపుకే. మొదటి నాలుగు దెబ్బలూ అద్దినట్టు పడ్డాయి. ఐదో దెబ్బకి నా ముక్కులో ఏదో పొడి పోయింది.

“ఒరేయ్,” అన్నాడు వెనక నుంచి కుడిపక్కకి తొంగిచూసిన సాయి, “మీసం వచ్చింది!”

“ఎవరికి?”

“డ్రమ్ముకిరా! పాలిష్ రాలిపోతోంది!”

“ఇప్పుడెలా?”

“మెల్లగా కొట్టు!”

మెల్లగా కొట్టాను. గ్రౌండు అంచు నుంచి జోజి మాస్టారు అరిచారు: “కుడి చెయ్యి పడిపోయిందేంట్రా? గట్టిగా!”

గట్టిగా కొడితే మొహం బయటపడుతుంది. మెల్లగా కొడితే ప్రైజు పోతుంది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందంటారు. ఆ మద్దెల అప్పుడు నాతో మొరపెట్టుకుని ఉండేది గాని, దానికన్నా నా పరిస్థితే హీనంగా ఉంది. లెక్కల క్లాసు గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, యేసయ్యా అనుకుని వాయించాను.

“కళ్ళొచ్చాయి... బుగ్గలొచ్చాయి...” పురిటి గది బయట నిలబడ్డ మేనత్తలా సాయి కబురు చెబుతూనే ఉన్నాడు. సరిగ్గా వేదిక ముందుకొచ్చాక ఆఖరి దరువు. అందులో కుడి చేతి దెబ్బలన్నీ నావే. ఎడాపెడా వేశాను. తెల్లటి పొడి మేఘంలా లేచి నా మొహానికి పట్టింది. అది అణిగేసరికి డ్రమ్ము మీద ఛైర్మన్ గారు, మీసాలూ పళ్ళూ దండాలతో సహా, నవ్వుతున్నారు.

వేదిక మీద అసలు ఛైర్మన్ గారు లేచారు. మెట్లు దిగారు. నా దగ్గరికొచ్చి డ్రమ్మునీ నన్నూ మార్చి మార్చి చూశారు.

“ఎవరి ఐడియా బాబూ ఇది?”

జోజి మాస్టారు నోరు తెరవబోయారు. నేనే అన్నాను: “మాదేనండి... మీ పుట్టినరోజు కదండీ...”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ముందు ఏమీ లేదు. తెల్లగా ఉంది. కొట్టేకొద్దీ నేను బయటికొచ్చాను!” అన్నారు వెనక నిలబడ్డ తన మనుషులతో. “ఇన్నేళ్ళుగా నా వెంట తిరుగుతున్నారు, మీలో ఒక్కడికైనా ఇలాంటిది తట్టిందంటయ్యా?”

ప్రత్యేక బహుమతి మాదే. కప్పు పట్టుకుని నేను ఏడ్చేశాను. అభిమానంతో ఏడుస్తున్నాననుకుని ఆయన నన్ను కావలించుకున్నారు. ఆయన తెల్ల చొక్కాకి బూటు పాలిష్ అంటింది. తెలుపు మీద తెలుపు, ఎవరికీ కనపడలేదు.

ఆ వారంలోనే ఆయన కానుక దిగింది. నాలుగు డ్రమ్ములకీ కొత్త పొరలు. రెండేసి వైపులా, మొత్తం ఎనిమిది మంది ఛైర్మన్ గార్లు. హెడ్మాస్టరుగారు ఆ ఎనిమిది నవ్వుల వంకా చాలాసేపు చూశారు.

“నేనిచ్చిన మాట తప్పను. బ్యాండు ఉంటుంది,” అన్నారు. వెళ్ళబోయి ఆగారు. “ఏదిరా, ఆ కర్ర ఓసారి ఇలా ఇవ్వు.”

డ్రమ్ము మీద ఛైర్మన్ గారి చెంపకి ఒకటి వేశారు. కాసేపు ఆలోచించి రెండోది ఇంకాస్త గట్టిగా వేశారు. మర్నాటి నుంచి సాయంత్రం బెల్లు కొట్టగానే మాకన్నా ముందు ఆయనే గ్రౌండులో ఉండేవారు. ఆయన ముఖంలో అంత ప్రశాంతత అంతకు ముందు ఎవరూ చూడలేదు. నెల తిరక్కుండానే లెక్కల పిరియడొకటి తీసేసి బ్యాండుకిచ్చారు.

సంగతంతా విని మా తాతయ్య ఒకటే అడిగాడు: “ప్లాస్టిక్కుని కాచావంట్రా? ఇంకా నయం, ఇంట్లో బకెట్టు చప్పుడు బాలేదని దాన్ని కాచావు కాదు!”

కాబట్టి మంగినపూడి సముద్రం సాక్షిగా, తాతయ్య డప్పు మీద చెయ్యి పెట్టి ఆరోజే ప్రమాణం చేశాను. తోలు కానిదాన్ని మంట దగ్గరికి తీసుకెళ్ళను. స్తంభం మీద ఉన్న పెద్దమనిషిని కిందికి దించను. ఒకవేళ దించి, వాయించవలసే వస్తే, ఆ మొదటి దెబ్బ హెడ్మాస్టరుగారికే వదిలేస్తాను.