అమెరికా దాటకుండా ఆస్ట్రియా యాత్ర

మా ఆస్ట్రియా యాత్రకు కారణం నా భార్య సునంద. అది అమెరికాలోనే జరగడానికి కారణం నా పాస్‌పోర్టు. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో రాకముందు సునంద గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర బోధించేది. కంటితో చూడని వియన్నాను ఏళ్ల తరబడి పాఠంగా చెప్పి, పెళ్లినాడు నన్ను అడిగిన ఒకే ఒక్క కోరిక ఆ నగరం. ఇక్కడ నా హెచ్-1బి పొడిగింపు సక్రమంగానే వచ్చింది. పాస్‌పోర్టులోని వీసా ముద్రకు మాత్రం గడువు తీరింది. అనగా ఈ దేశంలో ఉండవచ్చు, బయటికి వెళితే కొత్త ముద్ర పడేదాకా తిరిగి రాలేము. ముద్ర ఆలస్యమై ఉద్యోగం పోగొట్టుకున్నవారి కథలు మా అపార్ట్‌మెంట్లలో లాండ్రీ గదికొకటి చొప్పున లభిస్తాయి. కావున ఆస్ట్రియాను న్యూయార్క్‌లోనే సందర్శించాలని తీర్మానించడమైనది. అక్కడ ఆస్ట్రియా చిత్రకళకు ఒక మ్యూజియం, అందులోనే వియన్నా తరహా కాఫీ హోటలు ఉన్నాయి.

శనివారం ఉదయం ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కాం. మన్‌హాటన్‌కు గంటంపావు, రానూపోనూ టికెట్ పెద్దలకు ముప్పై డాలర్ల పైమాటే. అక్కడినుంచి సబ్‌వే మారి, సెంట్రల్ పార్క్ వైపు కాస్త నడిస్తే మ్యూజియం. ప్రవేశం ఇరవై డాలర్లు. ద్వారం వద్ద కాపలాదారు మా అమ్మాయి మేఘను చూసి వయసడిగాడు. ఆరేళ్లన్నాను. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం లేదని ఎంతో మర్యాదగా చెప్పాడు.

"బట్ నాన్నా, ఐ యామ్ ఆల్మోస్ట్ సెవెన్!" అంది మేఘ.

"వెబ్‌సైట్ చెక్ చేశానన్నారుగా?" అంది సునంద.

"చేశాను. టైమింగ్స్, పార్కింగ్ అన్నీ చూశాను."

"మనం కార్లో రాలేదు కదండీ."

పార్కింగ్ వివరాలు రాసుకున్న కాగితాన్ని జేబులోకి తోశాను.

"అసలు వియన్నాకి స్టాంపింగ్ లేదు. ఈ వియన్నాకి పాపకి ఏజ్ లేదు. బావుంది," అంది సునంద.

"నువ్వెళ్లు. నేను పాపతో పార్క్‌లో ఉంటా. నువ్వొచ్చాక నేను వెళ్తా."

"ఇద్దరం కలిసి చూద్దామనే కదా..." అని ఆగి, ఒక్కతే లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం ఒక కేకు పెట్టెతో పార్కు బెంచీ దగ్గరికి వచ్చింది. చాక్లెట్ కేకు, మధ్యలో ఆప్రికాట్ జామ్. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తర్వాత అది నిరభ్యంతరంగా ఆమోదం పొందింది.

"ఏం చూశావ్?"

"బంగారు రేకులతో వేసిన ఒకావిడ బొమ్మ. ఆవిడది వియన్నానే. నాజీలు ఆ బొమ్మ లాక్కుంటే, ఎన్నో ఏళ్లకి కేసు గెలిచి వారసులు తెచ్చుకున్నారు."

"మళ్లీ వియన్నా వెళ్లదా?"

"ఎక్కడండీ? ఆవిడా ఇక్కడే సెటిలైపోయింది."

తర్వాత పుల్ల తీసుకుని మట్టిలో గుండ్రంగా గీసింది. వియన్నా చుట్టూ ఉన్న కోటగోడను చక్రవర్తి కూల్చివేయించి, ఆ జాగాలో విశాలమైన రాజవీధి వేయించాడనీ, దాని వెంట సంగీత నాటకశాల, మ్యూజియంలు వెలిశాయనీ మేఘకు చెప్పింది. ఉప్పు అమ్మి ధనవంతమైన సాల్జ్‌బర్గ్ ఒక చుక్క. బంగారు పూత రేకుల కప్పు ఉన్న ఇన్స్‌బ్రుక్ ఇంకొకటి. ఆ గొంతు నేనెన్నడూ విననిది. చివరి బెంచీ దాకా చేరేలా అలవాటుపడిన గొంతు. ఈ దేశంలో డిపెండెంట్ వీసా మీద దానికి పని చేసే అనుమతి లేదు.

హఠాత్తుగా ఆగి, "ఏవండీ, మీరెళ్లరా? మూసేస్తారు," అంది.

"ముందు ఆ గ్రాట్స్ నగరం గురించి చెప్పు."

నా కేసి ఒక్క క్షణం చూసి, మళ్లీ పుల్ల అందుకుంది. "అక్కడ కొండ మీద గడియారంలో పెద్దముల్లు గంటలు చూపిస్తుంది, చిన్నది నిమిషాలు."

"సో వియర్డ్! అమ్మా, నువ్వు ఎప్పుడు వెళ్లావ్ దేర్?"

"ఇంకా వెళ్లలేదు తల్లీ."

నేను లోపలికి వెళ్లలేదు; కాబట్టి ఆ చిత్రం గురించి ఈ నివేదికలో ప్రత్యక్ష సాక్ష్యం లేదు. తిరుగు రైలులో సునంద కిటికీ వైపు కూర్చుంది. న్యూజెర్సీ గోడౌన్లను ఆమె చూసిన తీరు చూస్తే, అవతల ఏదో రాజవీధి సాగుతున్నట్టే ఉంది.

ప్రయాణం తలపెట్టినవారికి ఒకటే సూచన: పాస్‌పోర్టులో ముద్ర తాజాగా ఉన్నప్పుడే వెళ్లిరండి. వియన్నా ఎక్కడికి పోతుందిలే అని మేమూ అనుకున్నాం. అది ఎక్కడికీ పోలేదు.