తోటికోడలి బోన్సాయ్ చూసి కడియం వెళ్లొచ్చాను

ఈ ప్రయాణానికి కారణం అసూయ. మర్యాదగా వేరే పేరు పెట్టుకోవచ్చు గానీ, నాలాగే కడియం వెళ్దామనుకునేవాళ్లకి నిజం చెప్పడం మంచిది. రాజమండ్రిలో ఉండే మా తోటికోడలు పద్మ ఇంట్లో, హాలు కిటికీ దగ్గర, నీలం ట్రేలో మూరెడు ఎత్తు బోన్సాయ్ ఉంది. లావుపాటి మొదలు, పైన గుబురుగా చిన్న చిన్న ఆకులు. ఆ ఇంటికి వెళ్లినవాళ్లెవరూ దాన్ని పొగడకుండా కాఫీ తాగరు. మా పెరట్లో నేను పెంచిన మొక్కలు ఎన్ని ఉన్నా మా అత్తగారి కంటికి ఆనవు, ఎప్పుడూ పద్మ చేతి చలవ గురించే చెబుతారు. బోలెడు డబ్బు పోసి కొనుంటుందిలే అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అంతకన్నా పెద్దది కొని మా హాల్లో పెట్టాలన్న పంతంతో, తొలకరి పడ్డాక ఒక ఆదివారం బయల్దేరాను.

భీమవరంలో ఉదయం ఆరింటికి బస్సెక్కి, తణుకులో దిగి రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాను. రెండు టిక్కెట్లకీ కలిపి యాభై రూపాయలు కాలేదు. రావులపాలెం, గౌతమి వంతెన దాటాక వేమగిరిలో దిగాలి. కండక్టరుకి ముందే చెప్పుకోండి, లేకపోతే రాజమండ్రి దాకా తీసుకుపోతాడు. వేమగిరిలో బండి దగ్గర పెసరట్టు తిని, షేర్ ఆటోకి ఐదు రూపాయలిచ్చి తొమ్మిదిన్నరకల్లా కడియం పక్కనే ఉన్న కడియపులంక చేరాను. రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. మొదట కనిపించిన పెద్ద నర్సరీలో పద్మ దానిలాంటి బోన్సాయ్ ధర అడిగితే రెండున్నర వేలన్నారు. నా సంచిలో ఆరొందలున్నాయి. మొహం చిన్నబోయి బయటికొస్తుంటే ఆటో అతను చూసి, తయారైనవి అడక్కండమ్మా, కాలవ పక్కన వీర్రాజు గారి దగ్గర పాత మొక్కలుంటాయి, మనమే చేసుకోవచ్చని చెప్పి అక్కడ దింపాడు.

వీర్రాజు గారికి అరవై ఏళ్లుంటాయి. మొక్కల మధ్యే పుట్టి పెరిగిన మనిషి. ఆయన నర్సరీ వెనకవైపు, ఏళ్ల తరబడి అమ్ముడుపోని ఫైకస్ మొక్కలు ఒక వరసలో ఉన్నాయి. ఇవి మర్రి, రావి జాతివే. కవర్లు చిరిగి, వేళ్లు నేలలోకి దిగిపోయి, సగం కొమ్మలు ఎండిపోయి చూడ్డానికి దిక్కులేనట్టున్నాయి. నా మొహం చూసి ఆయన ఒకదాని మొదలు దగ్గర మట్టి తప్పించారు. నా ముంజేతి కన్నా లావుంది. పైన ఎలా ఉన్నా పరవాలేదు, మొదలు చూసి కొనాలన్నారు. నూటయాభై రూపాయలు. పద్మ చెట్టు మొదలు ఇందులో సగం కూడా ఉండదని లెక్కేసుకుని వెంటనే బేరమాడకుండా ఇచ్చేశాను.

పనంతా నాచేతే చేయించారు. గోనెపట్టా మీద కూర్చోబెట్టి, ముందు ఎండుకొమ్మలు తీయించారు. పచ్చికొమ్మ కోసినప్పుడల్లా తెల్లటి పాలు కారి చేతులు జిగురయ్యాయి. తర్వాత పుల్లతో పాతమట్టి రాలగొట్టి, చుట్టలు చుట్టుకున్న లావు వేళ్లు కత్తిరించి, సన్నవేళ్లు ఉంచాం. అడుగున బెజ్జాలున్న ట్రేలో నెట్ ముక్క పరిచి, ఎర్రమట్టి, గోదావరి ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపి, చెట్టు కదలకుండా తీగతో కట్టాం. మూడు గంటలు పట్టింది. ట్రే ఎనభై రూపాయలు, నేర్పినందుకు ఏమీ తీసుకోలేదు. పని చేస్తూ, రాజమండ్రిలో ఒకరింట్లో నీలం ట్రేలో ఇలాంటిది చూశానని ఊరికే అన్నట్టు అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "పద్మ గారిదా అండి? ఈ వరసలోదేనండి అది. వరసగా ఆదివారాలు వచ్చి ఇక్కడే కూర్చునేవారు. మీకేమవుతారండి?"

తెలిసినావిడ అన్నాను. నాలో ఏదో చల్లారిపోతుందనుకున్నాను గానీ ఇంకా మండింది. డబ్బు పోసి కొందన్న ఒక్క ఓదార్పూ పోయింది. పద్మ కూడా ఇలాగే మట్టిలో కూర్చుని, చేతులకి జిగురంటించుకుని చేసిందన్నమాట. ఒక్కసారైనా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. అది ఇంకా ఒళ్లుమంట.

కడియంలో మంచి నర్సరీవాళ్లు వేళ్లు కోసిన మొక్కని కొత్త చిగురు వేసేదాకా నీడ దాటనివ్వరట. బస్సులో ఆ కుదుపులకి సన్నవేళ్లు తెగిపోతాయని, దగ్గర్లోనే రాజమండ్రిలో పద్మ గారింట్లో మూడు వారాలు ఉంచి తీసుకెళ్లమని వీర్రాజు గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. నా చెట్టు ఆ కిటికీ దగ్గర, పద్మ చెట్టు పక్కన, పద్మ చేతి నీళ్లు తాగుతూనా! అక్కర్లేదండి అని, ఒళ్లో పెట్టుకుని రెండింటికి బస్సెక్కాను.

నాలుగో రోజుకి ఆకులన్నీ రాలిపోయాయి. మాది వరి పండించే ఇల్లు. ఏది వాడినా నీళ్లు పెట్టడమే మాకు తెలిసిన వైద్యం. పైమట్టి ఆరితేనే పోయమని వీర్రాజు గారు చెప్పిన మాట పక్కనపెట్టి, ట్రేని నీళ్ల బేసిన్‌లో కూర్చోబెట్టాను. వారానికి మట్టి కంపు కొట్టింది. పదిరోజులు ఓర్చుకుని, చివరికి సిగ్గు విడిచి పద్మకి ఫోన్ చేశాను.

ఆకులు రాలాయని, మట్టి కంపు కొడుతోందని చెప్పాను. తను మెల్లగా, "నీళ్లలో పెట్టారా అక్కా?" అంది. "నేనూ అలాగే రెండు చంపేశాను. మీరు నవ్వుతారని చెప్పలేదు. వెంటనే తీసి నీడలో పెట్టండి, మట్టి ఆరేదాకా ముట్టుకోకండి."

నెల తిరక్కుండా మొదలు మీద ఆవగింజంత ఎర్రటి చిగురు కనిపించింది. దసరాకి పద్మ వచ్చింది. కాళ్లు కడుక్కోకుండానే చెట్టు దగ్గరికెళ్లి, వంగి మొదలు చుట్టూ వేలు తిప్పి చూసింది. ఇంత లావుది నాకెందుకు చూపించలేదో వీర్రాజు గారు, అంది. నవ్వుతూనే అంది, కానీ గొంతులో ఆ మంట నాకు బాగా తెలిసిందే. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట అది. విన్నాక అనుకున్నంత సంబరం రాలేదు. అబద్ధమెందుకు, కొంచెం వచ్చింది. కుర్చీ లాగి, కూర్చో పద్మా, ముందు ఏ కొమ్మ కత్తిరించాలో నువ్వే చెప్పు అన్నాను.

వెళ్లేవాళ్లకి ఒకటే సలహా. వేళ్లు కోసిన చెట్టుని అదే రోజు బస్సెక్కించకండి. దగ్గర్లో ఎవరైనా ఉంటే, వాళ్లంటే మీకెంత కుళ్లున్నా సరే, మూడు వారాలు వాళ్లింట్లో ఉంచి రండి.