మందలిచ్చినోళ్లు, మర్లేసిన పెద్దమ్మ

మొన్న మాఘమాసంల మా పెద్దమ్మ పోయింది. ఆర్మూర్ నుంచి ఆమె పక్కింటామె ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ పొయ్యికాడ కూలవడ్డదే. దవాఖానకు తీస్కపోయేలోపే పానం పోయింది" అని ఏడ్సింది. నేను, మా ఆయన బాల్కొండల బస్సెక్కి వచ్చేవరకు వాకిట్ల కుర్చీలేసుకొని చుట్టాలు కూసున్నరు. ఏండ్లకేండ్లు ఆ గడప తొక్కనోళ్లు సుత వచ్చిండ్రు. అందరి నోట్ల ఒకటే మాట: "దేవత. మనిషి గాదు."



పెద్దమ్మ దేవత గాదు. నోరు మస్తు పెద్దది. మార్కెట్ యార్డుల పసుపు కొమ్ములు ఏరే పని చేసేది. అక్కడి దలాళ్లు గూడ ఆమె నోటికి జడిసేటోళ్లు. పిల్లలు లేరు. పెద్దనాయిన పోయినంక, మంచానవడ్డ ఆయన చెల్లెను ఆమె విడిసిపెట్టలే. గంతే ఆమె చేసింది.

ఆ చెల్లె నాకు అత్తమ్మ. కీళ్లవాతంతోని కాళ్లు చేతులు వంకర్లు పోయినయి. పెనిమిటి ఎన్నడో వదిలేసిండు. పొద్దుగాల ఆమెకు పండ్లు తోమి, తానం చేపిచ్చి, బువ్వ తినిపిచ్చి పెద్దమ్మ మార్కెట్‌కు పోయేది. పగటీలి మళ్ల ఇంటికి ఉరికొచ్చి, పుండ్లు వడకుండ ఆమెను పక్కకు మర్లేసి పోయేది. ఇద్దరు ఊకె కొట్లాడుకునేటోళ్లు. "ఉప్పెక్కువేసినవ్ వదినె" అని అత్తమ్మ. "కాళ్లు చేతులు సాలలేదు, నీ నాలికె గూడ వంకర వోయింది" అని పెద్దమ్మ. ఇద్దరు నవ్వేటోళ్లు.

"నీకు యాష్టకు రాదా పెద్దమ్మా?" అని ఒకసారి అడిగిన.

"ఎందుకు రాదే? రోజొస్తది. వాకిట్ల కూసుండి చాయ్ తాగుత. చాయ్ అయిపోతది, లోపలికి వోత."

చుట్టాలు వచ్చేటోళ్లు, రాక కాదు. గుమ్మంల నిలవడి, ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకొని "మంచిగున్నవా?" అని మందలిచ్చేటోళ్లు. అరటిపండ్లు చేతుల వెట్టి, "ఏ జన్మల పాపమో" అనుకుంట పోయేటోళ్లు. ఆళ్లు గల్లీ మలుపు తిరిగినంక పెద్దమ్మ అనేది: "మందలిచ్చుడు అల్కనే బిడ్డా, మర్లేసుడే కష్టం."

దుబాయిల ఉండే మా కాక, అత్తమ్మ సొంత తమ్ముడు, ఒక ఎండకాలం ఛుట్టీ మీద వచ్చిండు. గా మంట ఎండల, మీద పులి బొమ్మ ఉన్న మందం దుప్పటి తెచ్చిండు. "మా అక్కను మంచిగ సూస్కో వదినె" అన్నడు.

పెద్దమ్మ కొంగుతోని చేతులు తుడుసుకున్నది. "నేను సూస్కుంటనే ఉన్న. ఇయ్యాల ఒక్కపాలి నువ్వు తానానికి ఎత్తుకపో."

కాక సెంటు కొట్టిన అంగి చేతులు మడిసి, చంకల కింద చెయ్యేసి ఒక్కసారి గుంజిండు. అత్తమ్మ కెవ్వుమన్నది. ఆడికాడికే విడిసిపెట్టి, "నాకు నడుము నొప్పున్నది" అనుకుంట బయటికొచ్చి సబ్బు అడిగిండు. పెద్దమ్మ సబ్బు ఇచ్చింది.

"మంచిగ రుద్దుకో మరిదీ. తోడవుట్టినతనం జర అంటుకున్నట్టున్నది."

గా కాకనే ఇయ్యాల అందరికంటె పెద్దగ ఏడుస్తున్నడు. "మా వదినె దేవత" అనుకుంటనే, ఏడుపు మధ్యల ముచ్చట తీసిండు: "అక్కను ఏదన్న ఆశ్రమంల ఏస్తె మంచిగుంటది." శవానికి ఇంక తానమన్న చేపియ్యలే. కూసున్నోళ్లందరు తలకాయలు ఊపిండ్రు.

లోపల మంచంల నుంచి అత్తమ్మ గొంతు ఇనవడ్డది. "దేవతంటున్నవ్ గదరా. బతికున్నప్పుడు ఒక్కనాడన్న గీ గుడికి ఎందుకు రాలే?"

కాక ఫోన్ తీసి చెవుకు వెట్టుకొని పక్కకు జరిగిండు. ఫోన్ మోగనే లేదు.

"అత్తమ్మ మా ఇంటికొస్తది" అన్న నేను. మా ఆయన నా దిక్కు చూసి, "నేను జీపు మాట్లాడుకొస్త" అన్నడు. చుట్టాల ముఖాలు ఎట్ల విచ్చుకున్నయో చూడాలె. "నువ్వు గూడ దేవతవే బిడ్డా" అన్నది ఒకామె.

"నన్ను గా మాట అనకుండ్రి. అప్పుడప్పుడు వచ్చి ఒక పూట కూసోండ్రి, సాలు."

గిప్పటిదాక ఎవ్వలు రాలే. అత్తమ్మ మా ఇంట్లనే ఉన్నది, నేను వేసే ఉప్పుకు గూడ వంకలు వెడుతున్నది. నాకు యాష్టకొస్తున్నది. పెద్దమ్మ ఇన్నేండ్లు ఎట్ల చేసిందో ఇప్పుడు నా నడుముకు తెలుస్తున్నది. దేవత అన్నోళ్లకు గది తెల్వదు. దేవతకైతే నడుము నొయ్యదు, ఆకలి గాదు, ఎవ్వలు సాయం వోవాల్సిన పని లేదు. అందుకే ఆ పేరు వెట్టిండ్రు.

ఆ దినం పెద్దమ్మకు వాకిట్ల తానం చేపిచ్చిండ్రు. ముండమోసినామెకు పసుపు వెట్టద్దని ఒక ముసలామె అడ్డంవడ్డది. సరే అని ఎవ్వలు వెట్టలే. కాళ్లకాడ కూసున్నామె మాత్రం రాయితోని మడిమలు రుద్దుతున్నది. ఇన్నేండ్లు పసుపు రాశులల్ల తిరిగిన కాళ్లు, పగుళ్లల్ల పసుపు లోపలిదాక దిగి ఉన్నది. ఆమె రుద్దింది, నీళ్లు వోసింది, మళ్ల రుద్దింది. నీళ్లు పసుపుగ వాకిట్లకు పారినయి. మడిమలు గట్లనే పచ్చగ ఉన్నయి.