కేసు కొట్టేశాక గురునాథం

మిర్చి యార్డు గుమస్తా గురునాథం చేతులు ఎప్పుడూ జేబుల్లోనే ఉంటాయి. ఎవరైనా కాగితం ఇవ్వబోతే "బల్ల మీద పెట్టండి" అంటాడు తప్ప అందుకోడు. మరి అప్పట్లో ఏసీబీ వాళ్లు ఆయన వేళ్లు ముంచితే గ్లాసులో నీళ్లు గులాబీ రంగుకి తిరిగాయి కదా! ఎవరో ఫైల్లో పెట్టిన, ఏసీబీ వాళ్ల పొడి చల్లిన నోట్లు చేతికి తగిలాయి పాపం. మొన్ననే కోర్టు ఆ లంచం కేసు కొట్టేసింది. ఆఫీసంతా లడ్డూలు తింటుంటే ఆయన మాత్రం గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకా అర్జీ పెట్టలేదేంటండీ? ఆగిపోయిన ప్రమోషనూ, జీతం బకాయిలూ అన్నీ వస్తాయి. ఈ నెలాఖరుకి రిటైరైపోతే ఇంకెవరు పట్టించుకుంటారు? నేనే రాశాను, సంతకం పెట్టండి చాలు" అంది సూపరింటెండెంట్ మనోజ్ఞ. ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. గురునాథం జేబుల్లోంచి చేతులు తీయలేదు. "వద్దమ్మా. అర్జీ పైకెళ్తే పాత ఫైలు తెరుస్తారు. తెరిస్తే అప్పీలుకెళ్దామని ఎవడికో ఒకడికి తోస్తుంది." "మీ తప్పేం లేదని జడ్జిగారే అన్నారు కదండీ!" "అన్నార్లేమ్మా" అంటూ గొంతు బాగా తగ్గించాడు. "నువ్వు గట్టిగా అనకు. ఎవరన్నా వింటారు."