కర్లింగ్ గోడ మీద కొండ

లవీనా కొండలు గీస్తుంది. ఆమె మొగుడు ఓరెస్ట్ ఆకాశం గీస్తాడు. వాళ్ళ కాపురం మొత్తం ఈ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు గాని, అంత చవగ్గా తేల్చేస్తే ఇద్దరికీ కోపమొస్తుంది.

మాది కెనడాలో, సస్కాచ్వాన్ మైదానంలో టర్న్‌బుల్ అనే ఊరు. పక్కూళ్ళో ఎవరైనా బట్టలారేస్తే చొక్కా ఏ రంగుదో మా వాకిట్లోంచి చెప్పొచ్చు. అంత చదునుగా ఉంటుంది. ఓరెస్ట్ హ్లడున్ ఈ మట్టిలోనే గోధుమ పండించి, మోకాళ్ళు అరిగాక పొలం మేనల్లుడికి కౌలుకిచ్చేశాడు. అప్పట్నుంచి ఆయన దినచర్య ఒకటే. పొద్దున్నే రేడియోలో గోధుమ ధర విని తిట్టడం, కో-ఆప్ కొట్లో కాఫీ బల్ల దగ్గర చేరి వాన మీద అబద్ధాలు చెప్పడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి బొమ్మలెయ్యడం.

బొమ్మల పిచ్చి ముందు లవీనాకే పట్టింది. కర్లింగ్ ఆడుతూ, అంటే మంచు మీద రాయి జార్చి దాని ముందు చీపురుతో ఊడుస్తూ, ఓ శీతాకాలం జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టుతో కూచుని ఏం తోచక రంగులు తెప్పించుకుంది. ముందు మొగుణ్ణే గీద్దామనుకుంది. ఓరెస్ట్ కదలకుండా కూచోలేడు, చర్చిలో కూడా కూచోడు. "నన్ను గీస్తే నేనూ నిన్ను గీస్తా" అని బెదిరించి తనూ కుంచె పట్టాడు. ఆ రోజు నుంచి వాళ్ళ వంటింట్లో ఊరగాయ సీసాల కంటే కుంచెల సీసాలే ఎక్కువ. ఓసారి ఆయన కుంచె కడిగిన నీళ్ళు తాగేసి, "ఇవాళ కాఫీ బాగా కుదిరింది" అన్నాడు.

ఆయన కాన్వాసు మీద వెయ్యడు. కూలగొట్టిన ధాన్యపు కొట్ల పలకలు ఏరుకొచ్చి, అడ్డంగా పెట్టి వాటి మీద వేస్తాడు. పలక మనిషంత పొడుగు, జానెడు వెడల్పు. అందులో అంతా ఆకాశమే. అడుగున దారంత సన్నగా నేల.

లవీనా తమ్ముడు గార్నెట్‌కి ఆ పలకలంటే పండగ.

"బావా, ఇందులో బొమ్మేది? చెక్కకి నీలం రంగు కొట్టావ్, అంతేగా?"

"నీ బుర్రకంటే నిండుగానే ఉందిలే, బామ్మర్దీ."

ఇక సెలవులు. ప్రతి జూలైలో, కోతలకు ముందు, లారీ వెనక గూడు బిగించుకుని బాన్ఫ్ కొండలకి పోతారు. పడమటి పక్క రాష్ట్రం ఆల్బర్టాలో దారి కాస్త మిట్టెక్కే చోట, ఆకాశం కింద అంచున నీలంగా, రంపపు పళ్ళంత కొండలు మొదటిసారి కనిపిస్తాయి. ఓరెస్ట్ అక్కడ బండి ఆపేస్తాడు. మడత కుర్చీ దించుతాడు. ఫ్లాస్కు మూత తీస్తాడు. పలక ఒళ్ళో పెట్టుకుంటాడు.

"ఇంకా బోలెడు దూరం ఉంది మహానుభావా" అంటుంది లవీనా.

"కనిపిస్తున్నాయిగా. చూడు."

"దగ్గరికెళ్ళి చూద్దాం."

"దగ్గరికెళ్తే కనిపించవే. మీద పడతాయి."

బాన్ఫ్ చేరాక ఆయన కుర్చీ కార్లు ఆపుకునే స్థలం వైపు తిప్పుకుని కూచుంటాడు. ఆ చుట్టుపక్కల చదునుగా ఉన్నది అదొక్కటే. "కొండలన్నీ అడ్డంగా ఉన్నాయి, చూడ్డానికేం లేదిక్కడ" అని వచ్చేపోయే వాళ్ళకి ఫిర్యాదు చేస్తాడు. లవీనా మాత్రం కాగితం నిలువుగా పెట్టుకుని, తను ముక్కుకొండ అని పిలుచుకునే శిఖరాన్ని ప్రతి ఏడూ గీస్తుంది. ఆ మంచు, ఆ నీడ చూస్తే చలేస్తుంది. అంత బాగా గీస్తుంది. గీసినవన్నీ పుట్టినరోజులకి, పెళ్ళిళ్ళకి ఊరంతా పంచిపెడుతుంది. ఊరంతా వాటిని స్నానాల గదుల్లో తగిలిస్తుంది. ఆ సంగతి ఎవరూ ఆమెకి చెప్పలేదు. కానీ ఆమె కూడా మనిషే, వేరే ఇళ్ళకెళ్ళినప్పుడు ఆ గదికి వెళ్ళాల్సి వస్తుంది కదా.

పోయిన వసంతంలో పక్కూరు వైడ్‌మన్ వాళ్ళు తమ నీళ్ళ ట్యాంకు మీద పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు వేయించారు. మా వాళ్ళకి నిద్ర పట్టలేదు. మా కర్లింగ్ షెడ్డుకి హైవే వైపు పొడవాటి రేకు గోడ ఉంది. దాని మీద ఏదో ఒకటి వెయ్యాల్సిందేనని కమిటీ కూచుంది. కమిటీ పెద్ద గార్నెట్టే. ఏం వెయ్యాలని అడిగితే ఒకడు గోధుమ కంకి అన్నాడు, ఒకడు తన ట్రాక్టరు అన్నాడు. లవీనా లేచి నిలబడింది.

"కొండ గీస్తా. ఈ ఊళ్ళో లేనిది అదొక్కటే కదా."

చప్పట్లు మోగాయి. గార్నెట్ చెయ్యెత్తాడు. "సరే అక్కా. కోతలయ్యాక పంట విందు నాటికి గోడ మీద కొండ ఉండాలి. లేకపోతే నా షెడ్డులో ట్రాక్టరు పచ్చరంగు డబ్బాలు పడున్నాయి. గోడంతా అదే కొట్టేస్తా."

అందరూ నవ్వారు. లవీనా నవ్వలేదు. ఎవరూ స్నానాల గదిలో తగిలించలేని బొమ్మ ఒక్కటి గీయాలని ఆమె పట్టుదల.

ఆగస్టులో నిచ్చెనెక్కి సుద్దతో ముక్కుకొండ గీసింది. తీరా రోడ్డవతలికెళ్ళి చూస్తే సంగతి అర్థమైంది. గోడ పొడుగ్గా ఉంది గాని ఎత్తు లేదు. గోడంతా నిండాలని కొండని అటూ ఇటూ సాగదీసింది. ఆకాశాన్ని తాకే శిఖరం బోర్లా పడింది. కాఫీ బల్ల మొత్తం లారీలెక్కి చూడ్డానికొచ్చింది.

"అక్కా, ఇది కొండా, పడుకున్న ఆవా?" అన్నాడు గార్నెట్.

"ఆవైతే ఈనుతుంది, ఆగు" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు.

మర్నాడు ఒక కొండ బదులు పది కొండలు వరసగా గీసింది. అవి పళ్ళెంలో పేర్చిన పెరోగీల్లా, అంటే దుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లా ఉన్నాయి. ఆ మాట ఎవరూ అనక్కర్లేకపోయింది, చూసినవాళ్ళకి ఆకలేసింది. లవీనా గొట్టంతో నీళ్ళు కొట్టి గోడంతా కడిగేసింది. ఇంటికెళ్ళి బంగాళాదుంపల తొక్క తీయడం మొదలెట్టింది. దుంపలు అయిపోయినా కత్తి ఆగలేదు.

"ఇక గార్నెట్‌ని పచ్చరంగే కొట్టుకోనీ" అంది.

ఓరెస్ట్ ఏమీ అనలేదు. అంత ఆశ్చర్యం మా ఊళ్ళో ఆ ఏడు ఇంకోటి లేదు. పెరట్లో కొట్టంలోకెళ్ళి ఓ పలక చంకన పెట్టుకొచ్చి, పెళ్ళాన్ని లారీ ఎక్కించి, గోడకెదురుగా రోడ్డవతల దించాడు. పలకని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటా వేషం?"

"ఇటు రా. ఓ కన్ను మూయి."

"రెండూ మూసుకోవాలనుంది నాకు."

"ఒక్కటి చాలు తల్లీ."

మూసింది. పలక సరిగ్గా గోడని కప్పేసింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా అంతే పొడుగు, అంతే పొట్టి. అది ఆల్బర్టా మిట్ట మీద ఆయన వేసింది. అంతా ఆకాశం, అడుగున నేల, ఎడమ కొసన పడమటి వైపు నీలం రంపపు పళ్ళు.

లవీనా మూసిన కన్ను తెరిచింది. "ఇది కొండ కాదు. కొండుందన్న పుకారు."

"పుకారే. కానీ మనూరి నుంచి పోయేవాళ్ళకి కొండ ముందు అలాగేగా కనపడేది."

"నేను కొండ గీస్తానన్నా."

"నీ కొండ ఇందులోనే ఉంది. ఏదో నువ్వే చెప్పు."

ఆమె పలక దగ్గరికి ముఖం పెట్టింది. మూడో పన్ను మీద వేలు పెట్టింది. "ఇదే ముక్కుకొండ. వంకర తప్పుగా వేశావ్. ముక్కు ఇటు తిరుగుతుంది. దీని పక్కన కొమ్ములాంటిది ఇంకోటుంది, అదేది? మింగేశావా?"

"దగ్గరికెళ్ళలేదుగా నేను. నువ్వెయ్యి."

అలా మొదలైంది. కోతల దుమ్ములో, గాలిలో, ఆయన పొడుగు రోలరుతో ఆకాశం కొట్టాడు. చలికాలం మంచు కప్పెయ్యకుండా నేల గీత మనిషెత్తున పెట్టుకుని, ఆమె నిచ్చెన మీద చిన్న కుంచెతో పళ్ళు దిద్దింది. ఆ చిన్న నీలం ముక్కలు ఒక్కొక్కటీ ఆమె ఎదురుగా కూచుని చూసిన కొండే. దేని మంచు ఎటు కరుగుతుందో ఆమెకి తెలుసు. ఆకాశానికి తెలుపు ఎంత కలపాలన్న దాని మీద మాత్రం ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి, కావలసినవన్నీ వెంటొచ్చిన తమ కుక్క ద్వారా చెప్పుకున్నారు. "ఆయన్ని నిచ్చెన జరపమను." "ఆమెని దిగమను ముందు."

విందు ముందురోజు గార్నెట్ వచ్చి గోడ ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాడు.

"అక్కా, కొండేది?"

"కనపడట్లేదా?"

"ఆ మూలేదో ఎలక పళ్ళల్లే ఉంది."

"అదే."

గార్నెట్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "బావ పలక మాట విన్నావన్నమాట. చూడక్కా, నువ్వు కొండన్నావ్, నేను జనానికి కొండని చెప్పా. రేపు వాళ్ళొచ్చి కొండేదని వెతుక్కున్నారనుకో, ఎల్లుండి పచ్చరంగే. అక్కవైనా సరే."

ఆదివారం సాయంత్రం ఊరంతా వచ్చింది. పంట విందంటే మాకు టర్కీ, పెరోగీలు, క్యాబేజీ చుట్టలు, బెర్రీ పైలు. కర్లింగ్ షెడ్డు పక్కనున్న హాలు చిన్నది కాబట్టి సగం ఊరు బయట క్యూలో నిలబడి వణకాల్సిందే. క్యూ గోడకెదురుగా సాగింది. జనం చూశారు. లవీనా కోటు జేబుల్లో చేతులు దోపుకుని, గోడని కాకుండా మొహాల్ని చూస్తోంది. ఎవరైనా కొండేదంటారేమోనని.

చేతికర్రతో నిలబడ్డ ఐడా త్కాచుక్ అనే ముసలమ్మ కళ్ళు చికిలించి ఎడమ కొసకి చూసింది. చూసి, క్యూ అదిరేలా అరిచింది.

"నేనే ముందు చూశా!"

ఆ మాట మా ఊళ్ళో పుట్టిన ప్రతి వెధవకీ తెలుసు. కొండలకి పోయేటప్పుడు కారు వెనక సీట్లో కూచుని, కొండ ఎవరికి ముందు కనిపిస్తే వాళ్ళకి ఐస్‌క్రీమ్. మబ్బుని చూసి కొండన్నవాడికి మొట్టికాయ. ఐడా ఆ మాట అని ఎన్ని తరాలైందో.

"అబద్ధం, నేను చూశా ముందు!" అన్నాడు ఆమె వెనకున్న ఆయన.

"నేను బండి దిగకముందే చూశా!"

"మేం వంతెన దగ్గర్నుంచే చూశాం!"

క్యూ చెదిరిపోయింది. తాతలు, అత్తలు, బ్యాంకు మేనేజరు అంతా వెనక సీటు పిల్లలైపోయారు. అప్పుడే లారీ దిగుతున్న గార్నెట్ కమిటీ, పచ్చరంగు అన్నీ మర్చిపోయి పరిగెత్తుకొచ్చాడు.

"కాదు, నేను! ఈ అక్క ఎప్పుడూ కిటికీ వైపు తనే కూచునేది, నన్నొక్కసారీ కూచోనివ్వలేదు! ఈసారి నేనే ముందు చూశా!"

"నువ్వా?" అంది లవీనా. "నిన్నటిదాకా ఎలక పళ్ళన్నావు కదరా!"

జనం కన్నీళ్ళొచ్చేలా నవ్వారు. గార్నెట్ తమాయించుకుని, లారీ మీదకెక్కి, కమిటీ తరఫున గోడని ఆమోదిస్తున్నట్టు ఉపన్యాసం మొదలెట్టాడు. ఒక్కడు వినలేదు. అందరూ ఆ మూలకి చేరి లవీనాని ఏ కొండ ఏదని అడుగుతున్నారు. ఆమె నిచ్చెన తెప్పించుకుని, ఎక్కి, వేలు పెట్టి ఒక్కొక్కటీ పేరు పేరునా చెప్తోంది. గొంతు హైవే అవతలికి వినిపిస్తోంది. తిండికెవరూ రాకపోయేసరికి వంటవాళ్ళు గరిటెలతో బయటికొచ్చారు. వాళ్ళూ అక్కడే ఉండిపోయారు.

ఖాళీ హాల్లోంచి ఓరెస్ట్ రెండు పళ్ళేలు పట్టుకుని వచ్చాడు. పెరోగీలు పొగలు కక్కుతున్నాయి.

"దిగవే, తిందాం. ఈ ఊరు పుట్టాక మొదటిసారి క్యూ లేదు."

"నువ్వు తిను. నాకింకా ఆరు కొండలున్నాయి."